ఈ రాయి ఎవరి దేవుడిది?

*పాత నిలువు రాళ్ల మీద ఐర్లండ్‌లో శిలువ చెక్కారు, మన దగ్గర పసుపు పూశారు. ఒకచోట లేని శిలువను ఉందన్నారు. రాళ్లు దేవుళ్లను ఎలా మార్చుకుంటాయో, కొన్ని ఎందుకు మార్చుకోలేవో చెప్పే కథ ఇది.*

గరికపాడు దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి పాలేరు దాటుతుంది. రాష్ట్రం రెండయ్యాక ఇక్కడ సరిహద్దు పడింది, చెక్‌పోస్టు వచ్చింది. 2024 సెప్టెంబరు వరదకి వంతెన దగ్గర రోడ్డు కొట్టుకుపోయి రాకపోకలు ఆగిపోయినప్పుడు ఊరి పేరు అన్ని టీవీల్లోనూ వినబడింది. వ్యవసాయంతో సంబంధమున్న వాళ్లకు ఇక్కడి కృషి విజ్ఞాన కేంద్రం తెలుసు. బస్సులో పోయేవాళ్లకు గరికపాడంటే ఇంతే. ఈ ఊరికి ఇంకో పాత గుర్తు ఉంది. అది బౌద్ధ స్తూపం. 19వ శతాబ్దం చివర్లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ కృష్ణా జిల్లా పల్లెలు తిరిగి తవ్వి నమోదు చేసిన బౌద్ధ స్థలాల్లో గరికపాడూ ఒకటి. పక్కనే జగ్గయ్యపేట, నందిగామ వైపు గుమ్మడిదుర్రు. పత్తి, మిర్చి పండే ఈ మెట్ట నేలలో ఒకప్పుడు ఇన్ని స్తూపాలు ఎలా లేచాయో చెప్పాలంటే ఒక శిల్పి దగ్గర మొదలుపెట్టాలి.

ఆయన పేరు సిద్ధార్థుడు. జగ్గయ్యపేట అంచున జనం ధనబోడు అని పిలిచే గుట్ట మీద 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ తవ్వకం జరిపినప్పుడు మూడు నిలువు రాళ్ల మీద దాదాపు ఒకే మాటలతో ఉన్న ప్రాకృత శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దం. కమ్మకరాష్ట్రంలోని నడతూరుకు చెందిన శిల్పుల ఇంట పుట్టిన సిద్ధార్థుడు వేలగిరిలోని బుద్ధుడి మహాచైత్యానికి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని అందులో ఉంది. వేలగిరి అంటే ఈ గుట్ట ఉన్న చోటే. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, ఇంకా తమ్ముడూ అతని పిల్లలూ అందరి పేర్లూ చెక్కించాడు. రాజులు, సేట్లు, రాణులు దానాలిచ్చిన శాసనాలు మనకు కొల్లలు. ఉలి పట్టిన చేతులే దానం చేసి ఇంటిల్లిపాదినీ రాతి మీద నిలబెట్టుకున్న శాసనాలు అంత తరచుగా కనిపించవు. జగ్గయ్యపేట బస్టాండులో ఈ కుటుంబం పేరుతో ఒక పలకైనా పెట్టి ఉండాల్సింది.

ఆ ఐదు స్తంభాలు బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులు: పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం. స్తూపానికి నాలుగు దిక్కులా అరుగు కట్టి, దాని మీద వరుసగా ఐదేసి రాళ్లు నిలబెట్టడం కృష్ణా లోయ స్తూపాల ప్రత్యేకత. సాంచీలో ఈ ఏర్పాటు లేదు. మరి ఇక్కడే ఎందుకు? నాకు తోచిన జవాబు ఇది. బుద్ధుడు రాకముందే ఈ నేలలో చనిపోయినవాళ్లకు రాయి నిలబెట్టే అలవాటు ఉంది. స్తూపం కూడా మూలంలో అస్థికల మీద కట్టిన గుర్తే. అమరావతిలో స్తూపం ఉన్న చోటే మహాశిలాయుగపు కుండ సమాధులు రీ తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే కొత్త మతం వచ్చి ఊరి పాత శ్మశానం పక్కనే, ఒక్కోసారి దాని మీదే కూర్చుంది. అలవాటైన నిలువు రాయి కొత్త అర్థంతో స్తూపం అరుగెక్కింది.

ఆ పాత అలవాటు బౌద్ధం వచ్చాక కూడా పోలేదు. సిద్ధార్థుడి శాసనం చెప్పే వీరపురుషదత్తుడి కాలంలోనే, నాగార్జునకొండలో ఆయన తండ్రి శాంతమూలుడి జ్ఞాపకంగా ఒక స్తంభం లేచింది. నిలబెట్టించింది ఇంటి ఆడవాళ్లు: అమ్మలు, అక్కచెల్లెళ్లు, భార్యలు. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆ ఇంటి ఆడవాళ్లలో బుద్ధుడికి చైత్యాలు కట్టించిన వాళ్లున్నారు. రాయి మాత్రం ఏ మతానికీ చెందని పద్ధతిలో, పోయినవాడి జ్ఞాపకంగా నిలబడింది. ఛాయా స్తంభాలనే ఇలాంటి స్మారక రాళ్లు నాగార్జునకొండలో సైనికులకు, చేతివృత్తుల వాళ్లకు కూడా ఉన్నాయి.

మాయో తీరం, ఆర్మా కనుమ

పాత రాయి కొత్త దేవుడి కిందికి రావడం ఒక్క కృష్ణా లోయ కథే కాదు. ఐర్లండ్ వాయవ్య కొసన మాయో కౌంటీలో, అట్లాంటిక్ గాలి కొట్టే గడ్డి నేలలో డూన్‌ఫీనీ అనే పాత శ్మశానం ఉంది. అందులో సుమారు 15 అడుగుల సన్నటి నిలువు రాయి. క్రీస్తు పుట్టడానికి ముందెప్పుడో నిలబెట్టినది. నిలబెట్టిన వాళ్ల భాష, దేవుడు, కారణం ఏవీ రాతలో మిగల్లేదు. క్రైస్తవం వచ్చాక ఎవరో దాని మీద రెండు శిలువలు చెక్కారు. రాయిని పడగొట్టలేదు, పక్కన కొత్తది నాటలేదు. ఉన్నదాన్నే తమది చేసుకున్నారు. తర్వాత దాని నీడలో క్రైస్తవ సమాధులు లేచాయి.

ఆర్మా కౌంటీలోని కిల్నసాగర్ట్ రాయిది ఇంకో తీరు. ఒక ప్రాచీన రహదారి కొండల మధ్య నుంచి సాగే చోట అది నిలబడి ఉంది. క్రీస్తుశకం 700 ప్రాంతంలో తెర్నోక్ అనే పెద్దమనిషి ఈ చోటిని అపొస్తలుడైన పేతురు రక్షణలో ఉంచినట్టు దాని మీద రాత ఉంది, చుట్టూ శిలువలున్నాయి. సిద్ధార్థుడికీ తెర్నోక్‌కీ మధ్య నాలుగైదు వందల ఏళ్లు, రెండు ఖండాలు అడ్డం. చేసిన పని మాత్రం ఒకటే: నిలువు రాతి మీద తన పేరు, తన గురువు పేరు. అన్నట్టు కిల్నసాగర్ట్ కూడా ఇవాళ సరిహద్దు ఊరే. ఉత్తర ఐర్లండ్‌కూ ఐర్లండ్ రిపబ్లిక్‌కూ మధ్య గీత దాని పక్క నుంచే పోతుంది. గరికపాడు వాళ్లకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

పాత గుళ్లను ఏం చేయాలన్న ప్రశ్న రోమ్ దాకా కూడా వెళ్లింది. 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండ్‌కు బయల్దేరిన మెలిటస్‌కు ఉత్తరం రాశాడు. విగ్రహాలు తీసేయండి కానీ గుడి పడగొట్టొద్దు, తీర్థం చల్లి బలిపీఠం పెట్టండి, జనం అలవాటైన చోటికే వస్తారు అన్నది దాని సారం. ఐర్లండ్ అప్పటికే ఈ పని సొంతంగా మొదలుపెట్టేసింది. వెయ్యేళ్ల తర్వాత కూడా ఫ్రాన్స్ పశ్చిమ కొసన బ్రిటనీలో ఇది సాగుతూనే ఉంది. 1674లో సాంత్ యుజెక్ దగ్గరి పెద్ద నిలువు రాయి నెత్తిన శిలువ పెట్టి, ఒంటి మీద క్రీస్తును హింసించిన పనిముట్లన్నీ చెక్కారు. చూస్తే రాయికి బలవంతంగా పెళ్లి బట్టలు కట్టినట్టుంటుంది. డూన్‌ఫీనీలోని రెండు గీతల్లో ఉన్న మర్యాద అందులో లేదు.

మన దగ్గర దీనికి సాటి కావాలంటే పల్నాడులోని చేజర్ల చూడాలి. కపోతేశ్వరాలయం గర్భగుడి వెనక భాగం గుండ్రంగా తిరిగి ఉంటుంది. అది బౌద్ధ చైత్యం కట్టడం. ఇప్పుడు లోపల శివలింగం ఉంది. పావురాన్ని కాపాడటానికి ఒంటి మాంసం కోసిచ్చిన శిబి కథ ఆ క్షేత్రానిది. శిబి బౌద్ధ కథల్లోనూ ఉన్నాడు కాబట్టి దేవుడు మారినా కథ మారాల్సిన పని పడలేదు. అమరావతి అమరేశ్వరుడిని కూడా ఈ జాబితాలో వేసేవాళ్లున్నారు. పూజారి పై అంతస్తు నుంచి అభిషేకం చేయాల్సినంత ఎత్తున్న ఆ తెల్లని లింగం ఒకప్పటి బౌద్ధ స్తంభమేనని వాదన. ఆ వాదన ఆకర్షణ అంతా దాని ఎత్తులోనే ఉంది. చేజర్లలో గోడ సాక్ష్యం చెబుతుంది, అమరావతిలో ఆ పాటి సాక్ష్యం లేదు.

దేవుడు దొరకని రాళ్లకు పట్టిన గతి వేరు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పాత బేతవోలును పెంచి తండ్రి పేరు మీద జగ్గయ్యపేట చేశాడు, కృష్ణ అవతలి ఒడ్డున అమరావతిని రాజధానిగా కట్టించాడు. ఊళ్లు కట్టాలంటే రాయి కావాలి. అమరావతి స్తూపం దిబ్బ నుంచి పాలరాయి లాంటి పలకలు కట్టడాలకు వెళ్లాయి, ఎన్నో సున్నపు బట్టీల్లో కాలాయి. సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూసింది 1798 ప్రాంతంలో. జగ్గయ్యపేటకు బర్జెస్ వచ్చేసరికి ఇక్కడి పలకలూ చాలా వరకు తరలిపోయాయి. మిగిలినవి మద్రాసు మ్యూజియానికి చేరాయి. చక్రవర్తి మాంధాత మీద బంగారు నాణేల వాన కురిసే ప్రసిద్ధ శిల్పం ఇప్పటికీ చెన్నైలోనే ఉంది. ఈ చుట్టుపక్కల భూమిలో ఉన్న సున్నపురాయి కోసం నేడు ముక్త్యాల, జయంతిపురం దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. అటు శిల్పులకూ ఇటు బట్టీలకూ కావాల్సింది ఈ నేల రాయే.

మల్లూరు అడవిలో శిలువలు

ఇక అసలు విచిత్రం గోదావరి వైపు ఉంది. ములుగు జిల్లా మంగపేట మండలంలోని మల్లూరు అంటే భక్తులకు హేమాచల నరసింహస్వామి. ఆ చుట్టుపక్కల అడవుల్లో, తాడ్వాయి వైపు కాటాపూర్ దాకా, బండలు పేర్చి కట్టిన గూళ్లు గుంపులు గుంపులుగా ఉంటాయి. జనం వీటిని రాకాసి గుళ్లు అంటారు. పక్కలకు పలకలు, పైన మోయలేనంత కప్పు బండ, లోపల రాతి తొట్టి. మహాశిలాయుగపు సమాధులు ఇవి. కొన్నింటి దగ్గర నిలువు రాళ్లున్నాయి. ఆ రాళ్లకు అటూ ఇటూ చేతులు చాచినట్టు అడ్డం ఉంది. దూరం నుంచి చూస్తే అచ్చం శిలువ.

హైదరాబాద్ సర్వేలో పనిచేసిన ముల్హెరన్ 1868లో వీటిని వర్ణించి కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి పంపాడు. ఆయనకు అవి శిలువలు. నాలుగేళ్ల తర్వాత జేమ్స్ ఫెర్గూసన్ ప్రపంచంలోని పెద్ద రాతి కట్టడాల మీద తెచ్చిన పుస్తకంలో వీటి బొమ్మ వేసి ఇంకో మెట్టు ఎక్కాడు. శిలువలున్నాయంటే ఇక్కడ క్రైస్తవులు ఉండి ఉండాలి, గూళ్లూ శిలువలూ ఒకరివే కాబట్టి గూళ్లు కూడా క్రీస్తు తర్వాతవే అన్నది ఆయన తర్కం. ఇలాంటి కట్టడాలు జనం అనుకున్నంత పాతవి కావని నిరూపించడం ఆ పుస్తకం ప్రయత్నం. మల్లూరు ఆయనకు చేతికందిన సాక్ష్యం అయింది.

ఆ తర్కం నిలబడలేదు. భద్రాద్రి జిల్లా జానంపేట, దొంగతోగు ప్రాంతాల్లో ఇలాంటి రాళ్లు మరిన్ని వెలుగు చూశాయి. వాటిలో కొన్నింటికి స్తనాలు చెక్కి ఉన్నాయి. శిలువ అడ్డుకొయ్య అనుకున్నది మనిషి భుజాలు. పైన మొద్దులా ఉన్నది తల. అవి చనిపోయిన ఆడవాళ్లకూ మగవాళ్లకూ గుర్తుగా సమాధుల దగ్గర నిలబెట్టిన బొమ్మలు. క్రీస్తుతో వాటికి సంబంధం లేదు. మన దేశంలో మహాశిలాయుగపు మానవాకార శిల్పాలు ఈ స్థాయిలో దొరికే చోట్లు తక్కువ. వాటిని చూసినవాడు తన ఊరి చర్చి శ్మశానాన్ని చూశాడు.

ఫెర్గూసన్‌ను చూసి నవ్వడం తేలిక. కానీ ఆ పని మనమూ రోజూ చేస్తాం. రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అన్న పేర్లు ఇంకేమిటి? మనకు తెలిసిన కథలో రాయిని కూర్చోబెట్టడమే. తేడా ఎక్కడంటే, పాండవుల పేరు పెట్టిన పల్లెవాడు ఆ పేరుతో కాలనిర్ణయం చేయబోలేదు. అదీగాక, ఆ అడవుల్లోని కోయలకు చనిపోయిన పెద్దల పేరున రాయి నిలిపే అలవాటు ఉంది. 19వ శతాబ్దంలోనే దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం ఉంది, అక్కడి జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించి వివరంగా రాశాడు. రాయి నిలిపే మనుషులు పక్క ఊళ్లోనే ఉండగా, శిలువ కోసం లేని క్రైస్తవులను ఊహించుకోవాల్సి వచ్చింది పండితులకు.

ఊరి రాయి, వాడ మనిషి

ఒక ప్రశ్న మిగిలింది. మన దగ్గర క్రైస్తవం వచ్చాక పాత నిలువు రాళ్ల మీద శిలువలు ఎందుకు పడలేదు? కృష్ణా మెట్ట ప్రాంతానికి ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది. నందిగామ దగ్గరి రాఘవాపురం తెలుగు క్రైస్తవ చరిత్రలో పెద్ద పేరు. ఆ ఊరి మాల కుటుంబంలో పుట్టిన పగోలు వెంకయ్య బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను కలిసి, 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట బంధువులు, వాళ్ల వెంట చుట్టుపక్కల వాడలు కదిలాయి.

ప్రొటెస్టెంటు మిషనరీలకు విగ్రహమంటే గిట్టదు కాబట్టి రాయి జోలికి పోలేదు అనొచ్చు. అది సగం నిజం. మిగతా సగం బొడ్రాయి దగ్గర ఉంది. ఈ ప్రాంతంలో ఊరు కట్టినప్పుడు నడిబొడ్డున నాటే రాయి అది. దాన్ని తిరిగి ప్రతిష్ఠించే పండగకు ఆడపడుచులందరినీ పుట్టింటికి పిలుస్తారు, పొలిమేర కట్టేస్తారు. డప్పు కొట్టడం, బలి అన్నం పొలిమేర చుట్టూ చల్లడం లాంటి పనులు వాడ మనుషులవి. వాళ్లు లేకపోతే పండగ జరగదు. రాయి మీద హక్కు మాత్రం వాళ్లది కాదు. ఐర్లండ్‌లో తెగ నాయకుడు బాప్తిస్మం తీసుకుంటే తెగంతా, పొలాలూ శ్మశానమూ నిలువు రాయితో సహా కొత్త దేవుడి కిందికి వచ్చాయి. మన దగ్గర బాప్తిస్మం ఊరికి రాలేదు, ఊరి అవతల ఉన్న వాడకు వచ్చింది. తనది కాని రాతి మీద ఎవరూ శిలువ చెక్కలేరు. వెంకయ్య వెనక వచ్చినవాళ్లు చేయగలిగింది ఒక్కటే: రాయిని ఊరికి వదిలేసి, తమ వాడలో తమ ప్రార్థన మందిరం కట్టుకోవడం. అది ఎవరి రాయీ కానవసరం లేని కొత్త గోడ.

ఎవరూ హక్కు చెప్పని కొండ దొరికినప్పుడు కథ వేరేగా నడిచింది. విజయవాడ గుణదల కొండ మీద సహజంగా ఏర్పడిన గుహలో 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత విగ్రహం పెట్టించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్లకు లక్షల మంది వస్తారు. మెట్లెక్కుతారు, తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. హిందువులూ వస్తారు. ఇంద్రకీలాద్రి ఎక్కిన కాళ్లే గుణదలా ఎక్కుతాయి. గ్రెగరీ పోప్ ఉత్తరంలో రాసింది ఇక్కడ ఎవరూ ఆదేశించకుండానే జరిగింది.

ఎల్లమ్మకు కొత్త పొరుగు

నిలువు రాయి దేవుడై ఇంకా బతికి ఉన్న చోటు చూడాలంటే కృష్ణ వెంట ఎగువకు, నది తెలంగాణలో అడుగు పెట్టే ప్రాంతానికి వెళ్లాలి. నారాయణపేట జిల్లా కృష్ణా మండలం ముడుమాల్. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున్న పెద్ద రాళ్లు సుమారు 80, వాటి మధ్య వరుసలు కట్టిన చిన్న రాళ్లు వేలల్లో. మూడు వేల ఏళ్లకు పైబడిన స్థలం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడిగా పనిచేసిన కె.పి. రావు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కొన్ని వరుసలు సూర్యుడి ఉదయాస్తమయాల దిక్కుకు సరిపోతాయని, ఒక రాతి మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయని ఆయన చెప్పారు. పంట ఎప్పుడు వేయాలో, కాలం ఎప్పుడు తిరుగుతుందో తెలుసుకునే ఏర్పాటు అది అయి ఉండొచ్చు.

ఊరివాళ్లు చెప్పేది వేరు. వాళ్లకు ఇది నిలురాళ్ల తిమ్మప్ప చోటు. ఈ రాళ్లు శాపం తగిలి నిలబడిపోయిన మనుషులని కథ. ఒక నిలువు రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ అందుతాయి. పొలాలు పెరిగే కొద్దీ చుట్టుపక్కల రాళ్లు చాలా పోయాయి. ఎల్లమ్మను పీకే ధైర్యం మాత్రం ఏ నాగలికీ లేదు. జగ్గయ్యపేట స్తూపానికి దొరకని కాపలా అది.

2025లో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి చేరింది. రాళ్లను నిలబెట్టినవాళ్లు, వాటిని శాపగ్రస్తులుగా చూసినవాళ్లు, అమ్మవారుగా మొక్కేవాళ్లు, నక్షత్రాలు లెక్కబెట్టే పండితులు, ఇప్పుడు వారసత్వం పేరుతో వచ్చిన కొత్త భక్తులు: ఈ రాళ్ల చుట్టూ ఇంతమంది చేరారు. జాబితా కోసం ఇచ్చిన వివరంలో నక్షత్రాల గుంటలతో పాటు తిమ్మప్ప, ఎల్లమ్మ కూడా ఉన్నారు. తుది జాబితాకు వెళ్లాలంటే రక్షణ ఏర్పాట్లు, నిర్వహణ ప్రణాళిక చూపాలి. కంచె, రాళ్లను ముట్టుకోవడం మీద నియమాలు రావచ్చు. సంరక్షణ లెక్కలో పసుపు రాతికి మరక. అమ్మవారి లెక్కలో పసుపు లేని రాయి దిక్కులేని రాయి. నిర్వహణ ప్రణాళిక రాసేవాళ్లు ఈ ఒక్క రాయి దగ్గరైనా ఊరి ఆడవాళ్లను పిలిచి అడగకుండా సంతకం పెట్టకూడదు.